పేటకు కావలి ఎవరు?

అర్ధరాత్రివేళ వీధిలో కలకలము పుట్టినచో మనము మొదట ఎవరిని పిలుతుము? ప్రక్కయింటివారిని. పోలీసులను పిలువవలెనను ఆలోచన తరువాత కలుగును. కలిగినను వెంటనే ఒక సంకోచము అడ్డుపడును. వచ్చినవారు దొంగను వెదకుట మాని మనలనే ప్రశ్నలతో వేధించినచో ఏమి గతి, సాక్ష్యమునకని మాటిమాటికి పిలిపించినచో పనిపాటలు ఏమి కావలెను అని వెనుకాడుదుము. రక్షణ కొరకు ఏర్పడిన శాఖకును, రక్షణ కోరు గృహస్థునకును నడుమ ఈ ఎడము ఎట్లు ఏర్పడినది? దానిని తగ్గించుటకు ఎచ్చటనైన ప్రయత్నము జరిగినదా? జరిగినచో ఫలించినదా? ఈ విషయములను శ్రోతలకు కొంత వివరింపదలచినాము.

పూర్వము మన గ్రామములలో కావలి గ్రామస్థుల చేతిలోనే ఉండెడిది. తలారి ఊరిమనిషి. ఏ యింట ఎందరు కలరో, ఏ పొలము గట్టు ఎవరిదో, పొరుగూరినుండి వచ్చినవాడు ఎవరింట బస చేసెనో అతనికి తెలియును. అతని జీతము ఖజానానుండి వచ్చునది కాదు. మాన్యము రూపముననో, కళ్లములో కొలిచిన ధాన్యము రూపముననో ఊరివారే ముట్టజెప్పుచుండిరి. దక్షిణదేశమున పలుచోట్ల ఒక కట్టుబాటు కూడ ఉండెడిది. ఊరిలో సొత్తు పోయి, దొంగ దొరకనిచో ఆ నష్టమును కావలివాడే పూరింపవలెను. కాపాడవలసినవాడు కాపాడలేనినాడు జవాబు చెప్పవలెనన్న సూత్రము ఆ కట్టుబాటులో ఇమిడియున్నది.

అంతమాత్రమున ఆ కాలమును రామరాజ్యమని తలంపరాదు. కావలి హక్కు పాళెగాండ్రకు చిక్కినచోట్ల కావలి రుసుము బలవంతపు కప్పముగ మారెను. ఊరిపెద్దలు ఏ కులమువారో న్యాయము ఆ కులమువైపునకే మొగ్గుచుండెను. వాడలోని బీదవాడు అపహరించినది గంపెడు ధాన్యమే అయినను శిక్ష పెద్దది. మోతుబరి ఆక్రమించినది ఎకరము భూమియే అయినను అడుగువాడు లేడు. కనుక ఊరివారి కావలి అన్నంతనే అది మంచి కావలి కానేరదు. ఈ మాటను ఇచ్చట గుర్తుంచుకొందము. దీని అవసరము మరల కలుగును.

ఆంగ్లేయుల పాలనలో ఈ ఏర్పాటు మారినది. 1816లో మద్రాసు ప్రభుత్వము చేసిన నిబంధనలవలన పోలీసు అధికారము కలెక్టరునకు, తహశీల్దారునకు, గ్రామాధికారులకు సంక్రమించెను. శిస్తు వసూలు చేయు చేతికే బెత్తము కూడ దొరికెను. దాని ఫలితమును 1855లో మద్రాసు చిత్రహింసల విచారణ సంఘము తన నివేదికలో బయటపెట్టినది. శిస్తు రాబట్టుటకు, నేరము ఒప్పించుటకు రైతులను హింసించుట రాజధాని అంతటను వాడుకలోనున్నదని అది తేల్చెను. అందుచేత 1859లో మద్రాసు పోలీసు చట్టము వచ్చినది. పోలీసును రెవెన్యూ నుండి వేరుచేసి, ఇన్‌స్పెక్టరు జనరలు క్రింద ప్రత్యేక శాఖగ నిలిపిరి. 1857నాటి తిరుగుబాటు చల్లారిన పిమ్మట 1861లో ఇతర రాష్ట్రముల కొరకు మరియొక పోలీసు చట్టము చేసిరి.

ఆనాడు ఆంగ్లేయుల యెదుట రెండు నమూనాలు ఉండెను. 1829లో రాబర్ట్ పీల్ లండను నగరమున ఏర్పరచిన పోలీసు మొదటిది. ఆ పోలీసు చేతిలో కట్టెయే కాని తుపాకి లేదు. వీధివారి సమ్మతియే అతని బలము. రెండవది ఐర్లండులోని సాయుధ దళము. పరాధీనమైన జాతిని అదుపులో ఉంచుటకు ఏర్పడిన ఆ దళము ప్రజలకు దూరముగ బారకాసులలో నివసించెడిది. మన దేశమునకు దొరికినది రెండవ నమూనా. తలారికి ఊరు తెలియును గాని అధికారము తక్కువ. క్రొత్త కానిస్టేబులుకు అధికారము కలదు గాని ఊరు తెలియదు. పైగా అతని జవాబుదారితనము పై అధికారులకే గాని క్రింది ప్రజలకు లేదు. దొరతనము మారి ఏడు దశాబ్దములు దాటినను ఈ స్వభావము పూర్తిగ మారలేదనుట అందరు ఎరిగినదే.

ఇక ఈ ఎడమును తగ్గించుటకు జరిగిన ఒక ప్రయత్నమును చూతము. దానికి రంగస్థలము భివండి. మహారాష్ట్రలో ఠాణే జిల్లాలో, ముంబయికి చేరువనున్న మరమగ్గముల పట్టణమది. తెలుగువారికి ఆ పేరు క్రొత్తది కాదు. తెలంగాణపు చేనేత పల్లెలనుండి పద్మశాలీలు వేలకొలది అక్కడికి వలసపోయి స్థిరపడిరి. పద్మనగరము అను పేటలో నేటికిని తెలుగు పలుకు వినవచ్చును. ఉత్తరప్రదేశమునుండి వచ్చిన అన్సారీలు, కొంకణపు ముసల్మానులు, మరాఠీలు కూడ ఆ పట్టణముననే బ్రదుకుచున్నారు. నూలు ఒకరిది, మగ్గము మరియొకరిది, నేత వేరొకరిది. నేతగానికి కూలి మీటరు లెక్కన ముట్టును. మగ్గము ఒక్కనాడు ఆగినచో ఆనాటి కూలి పోయినట్లే.

ఇట్లు ఒకరి చేతిపై ఒకరు ఆధారపడిన ఊరు రెండుసార్లు అగ్నిగుండమైనది. 1970 మే 7న శివాజీ జయంతి ఊరేగింపు సందర్భమున చెలరేగిన అల్లర్లలో భివండిలో 78 మంది మరణించిరి. న్యాయమూర్తి మదన్ విచారణ జరిపి, పోలీసు దర్యాప్తులో పక్షపాతము కలదని నిర్మొగమాటముగ వ్రాసెను. 1984 మే నెలలో మరల అల్లర్లు పుట్టి భివండి, ఠాణే, బొంబాయి ప్రాంతములలో కలిపి రెండువందలకు పైగా ప్రాణములు పోయెను. శాంతిసంఘములు ఆనాడు లేకపోలేదు. అవి పండుగకు ముందు సమావేశమయ్యెడివి. ఉభయ పక్షముల నాయకులు వచ్చి, సామరస్యమును గూర్చి ఉపన్యసించి, తేనీరు త్రాగి వెడలిపోయెడివారు. వారిలో కొందరికి గొడవ వలననే పలుకుబడి పెరుగును. అట్టివారి భరోసాతో ఊరు ఎట్లు నిలుచును?

1988లో భివండికి డిప్యూటీ పోలీసు కమిషనరుగ వచ్చిన సురేశ్ ఖోపడే ఈ పద్ధతిని తలక్రిందులు చేసెను. నాయకులను విడిచి నివాసులను పిలిచెను. పట్టణమును పేటలుగ విభజించి, పేటకు ఒక మొహల్లా సంఘమును ఏర్పరచెను. మగ్గము నడుపువారు, చిల్లర అంగళ్లవారు, ఉపాధ్యాయులు, చిన్న ఉద్యోగులు అందులో సభ్యులు. ఇరుమతములవారును ఒకే సంఘములో కూర్చుండవలెను. నేరచరిత్ర కలవారికి చోటు లేదు. ఆ పేట బాధ్యత వహించు పోలీసులు సమావేశములకు హాజరు కావలెను. ఈ సమావేశములు పండుగనాటి తంతు కావు. ఏ గొడవయు లేని సాధారణ దినములలోనే తరచుగ జరుగవలెను. ఇదియే ఈ పద్ధతికి మూలసూత్రము.

సాధారణ దినములలో మాటాడుకొనుటకు ఏమి ఉండునని సందేహము కలుగవచ్చును. పేటలోని జీవితమంతయు ఉన్నది. కుళాయి వద్ద తగవు, మురుగుకాలువ, రాత్రివేళ మ్రోగు మైకు, కుర్రవాండ్ర కొట్లాట, అద్దె బాకీ, దారికి అడ్డముగ నిలిపిన బండి. ఇవి చిన్న విషయములే. కాని నేతగాని కుమారుని అంగడివాని కుమారుడు కొట్టినపుడు, వారిరువురు వేరు మతములవారైనచో, అది ఎంతసేపు చిన్న విషయముగ ఉండును? ఒక గంటసేపు. ఆ గంటలో ఇరుప్రక్కల పెద్దలు కలసికొని, కుర్రవాండ్రను మందలించి పంపినచో అది పిల్లల కొట్లాటగ ముగియును. ఎవరును కలిసికొననిచో తెల్లవారునప్పటికి అది రెండు మతముల కొట్లాటగ మారును.

వదంతి విషయము ఇంకను ముఖ్యమైనది. ఫలానా పేటలో మనవానిని పొడిచిరని రాత్రి పదిగంటలకు ఒక వార్త వచ్చినదనుకొందము. వినినవానికి ఆ పేటలో తెలిసినవారెవరును లేరు. నమ్ముట తప్ప అతనికి మరియొక మార్గము లేదు. అదే పేటలో ప్రతి సమావేశమునకు తన ప్రక్కన కూర్చుండు మనిషి ఒకడున్నచో అతనిని అడుగవచ్చును. తమ పేట కానిస్టేబులును పేరుపెట్టి పిలిచి అడుగవచ్చును. పొడిచినది లేదు, పొడువబడినది లేదు అని తెలిసినచో కత్తులు అరలోనే ఉండును. వదంతికి విరుగుడు ప్రకటన కాదు, పరిచయము. కర్ఫ్యూ నాడు పరిచయము చేసికొనుటకు వీలుపడదు. అది ముందుగనే ఉండవలెను.

ఈ పద్ధతికి కఠినపరీక్ష 1992 డిసెంబరు 6 తరువాత వచ్చినది. అయోధ్యలో బాబరీ మసీదు కూల్చివేతకు పిమ్మట బొంబాయి నగరము డిసెంబరులో ఒకసారి, 1993 జనవరిలో మరియొకసారి తగులబడినది. శ్రీకృష్ణ విచారణ సంఘము లెక్క ప్రకారము 900 మంది ప్రాణములు కోల్పోయిరి. బొంబాయితో రాకపోకలు, వ్యాపారము, బంధుత్వములు గల భివండి, రెండుసార్లు కాలిన భివండి, ఈసారి ప్రశాంతముగ ఉండెను. బలగముల రాకయు, నేతపని వలన ఏర్పడిన పరస్పరావసరమును కొంత తోడ్పడియుండవచ్చును. కాని నేతపని 1970లోను, 1984లోను ఉండెను గదా? బలగములును ఉండెను. నడుమ క్రొత్తగ చేరినది మొహల్లా సంఘమే. రాజనీతిశాస్త్రజ్ఞుడు ఆశుతోష్ వార్ష్ణేయ 2002లో ప్రకటించిన గ్రంథమున, మతములకు అతీతమైన దైనందిన సంబంధములున్న పట్టణములు ఆపదలో నిలద్రొక్కుకొనినవని నిరూపించుచు, భివండిని కూడ పరిశీలించెను. బొంబాయిలో సైతము ఆ మారణకాండ తరువాత మాజీ పోలీసు అధికారి జూలియో రిబీరో మొదలగువారి చొరవతో మొహల్లా సంఘములు వెలసినవి.

మన ప్రాంతమున ఇట్టి ఉదాహరణము లేదా? కలదు. 2018లో పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని సెల్‌ఫోనులలో వ్యాపించిన అబద్ధపు వార్తల మూలమున దేశమున పలుచోట్ల అమాయకులను మూకలు కొట్టి చంపినవి. అటువంటి వార్తలు తెలంగాణలోని జోగులాంబ గద్వాల, వనపర్తి ప్రాంతములకును చేరినవి. భయమువలన తల్లిదండ్రులు పిల్లలను ఇల్లు కదలనీయలేదు. అప్పటి జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి ఊరికొక పోలీసును ముందుగనే నియమించియుండెను. ఆ పోలీసులు తరచుగ ఊరికిపోయి ప్రజలతో మాటాడువారు గనుక, ఈ భయము సంగతి మొదట వారికే తెలిసినది. వారు ఇంటింటికి తిరిగి వార్త అబద్ధమని చెప్పిరి. డప్పు కొట్టి, పాటలు కట్టి, ఊరి నడుమ నిలిచి చెప్పించిరి. నాలుగువందలకు పైగా గ్రామములున్న ఆ ప్రాంతమున ఈ వదంతికి ఒక్క ప్రాణమును బలి కాలేదు. మతము వేరు, మాధ్యమము వేరు, ప్రాంతము వేరు. సూత్రము మాత్రము భివండి సూత్రమే. ఆపదకు ముందే ముఖపరిచయము.

ఇప్పుడు ఆరంభమున గుర్తుంచుకొందమన్న మాటకు వత్తము. పేటవారే కావలి కాయవలెనన్నచో పేట పెద్దల దౌర్జన్యము మరల తలయెత్తదా? ఈ భయము నిరాధారము కాదు. ప్రేమించి పెండ్లాడినవారిని వెలివేయు కులపంచాయతీలు తమను పేటవారి న్యాయస్థానమనియే చెప్పుకొనుచున్నవి. స్త్రీపై జరిగిన అత్యాచారమునకు వెలకట్టి, అపరాధము వసూలుచేసి, నోరు మూయించిన పెద్దమనుష్యులు రాజీ కుదిర్చితిమనియే చెప్పుకొందురు. కనుక ఒక గీత గీయవలెను. ఆ గీత చట్టమునందే కలదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత రాజీకి వీలగు నేరములను వేరుగ పేర్కొన్నది. స్వల్పమైన గాయము, ఇంటిలో అక్రమ ప్రవేశము, పరువునష్టము మొదలగునవి అందులో కలవు. హత్యకు, మానభంగమునకు రాజీ లేదు. అట్టి వానిపై పంచాయతీ పెట్టుటయే తప్పు. రాజీకి వీలగు తగవులకు 1987నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టము ప్రకారము లోక్ అదాలత్తులు కలవు. అక్కడ కోర్టు రుసుము లేదు. కుదిరిన ఒప్పందము సివిలు కోర్టు డిక్రీతో సమానము.

సంఘము చేయవలసిన పని తగవును చిన్నదిగ ఉన్నపుడే పట్టుకొనుట. తీర్పు చెప్పుట, శిక్ష విధించుట, కట్టె పట్టుకొని రాత్రివేళ పరాయివానిని నిలదీయుట దాని పనులు కావు. స్త్రీలు, కూలివారు, ఊరిలో అల్పసంఖ్యలోనున్నవారు కూర్చుండని సంఘము పేట సంఘము కానేరదు. ఠాణాలో పైరవీలు చేయువారితో నిండిన సంఘము ప్రజల గొంతుక కాక, ఠాణా చెవి మాత్రమే యగును.

భివండి కథ ఇంతటితో ముగిసినచో వినుటకు ఇంపుగనే ఉండును. కాని అది అచ్చట ముగియలేదు. ఏండ్లు గడచినవి. అధికారులు మారిరి. సంఘముల మునుపటి పటుత్వము సడలినది. 2006 జూలై 5న ఆ పట్టణముననే ఒక క్రొత్త పోలీసు ఠాణా నిర్మాణము ఆరంభమగుచుండగా, ఆ స్థలము శ్మశానవాటికకు చెందినదని ముసల్మానులు అభ్యంతరము తెలిపిరి. ఆందోళన హింసగ మారినది. పోలీసు కాల్పులలో ఇద్దరు మరణించిరి. ఆ రాత్రియే ఇద్దరు కానిస్టేబుళ్లను అల్లరిమూక చంపినది. పేటను కాపాడుటకని తలపెట్టిన ఠాణా కట్టడమే నలుగురి ప్రాణములు పోవుటకు కారణమాయెను. పునాది త్రవ్వుటకు ముందే పేటవారితో కూర్చుండి మాటాడుట ఎట్లో ఆ పట్టణమునకు తెలియనిది కాదు. తెలిసిన విద్య మరపునకు వచ్చినది.

దీనినుండి గ్రహింపవలసినది ఏమి? ఒక మంచి అధికారి నాటిన మొక్క అతని బదిలీతో వాడిపోరాదు. 2006 సెప్టెంబరు 22న సుప్రీం కోర్టు ప్రకాశ్ సింగ్ కేసులో రాష్ట్రములకు ఇచ్చిన ఆదేశములలో రెండు ఇచ్చట స్మరింపదగినవి. ఠాణా అధికారికి కనీసము రెండు సంవత్సరముల పదవీకాలము ఉండవలెననుట ఒకటి. పోలీసులపై ఫిర్యాదులు వినుటకు జిల్లా స్థాయిలోను, రాష్ట్ర స్థాయిలోను ప్రత్యేక సంస్థ ఉండవలెననుట మరియొకటి. మొదటిదానివలన అధికారికి పేటను ఎరుగుటకు వ్యవధి దొరకును. రెండవదానివలన పేటకు అధికారిని ప్రశ్నించుటకు తావు దొరకును. పూర్వపు కావలివాడు పోయిన సొత్తునకు జవాబు చెప్పవలసియుండెనని మొదట చెప్పితిమి. నేటి కావలివానికిని ఆ బాధ్యత ఒక రూపమున ఉండవలెను. ఈ ఆదేశములు కాగితము దాటి పూర్తిగ అమలగుటకు ప్రజలు అడుగుచుండుట అవసరము.

ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయునంతవరకు గృహస్థులు చేతులు కట్టుకొని కూర్చుండనక్కరలేదు. మన వీధి ఏ ఠాణా క్రిందికి వచ్చును? మన పేటకు బాధ్యుడైన కానిస్టేబులు పేరేమి? వీధి ఆవలిప్రక్క, మనకు రాకపోకలు లేని ఇండ్లలో నివసించువారిలో కనీసము ఒక్కరి పేరైనను మనకు తెలియునా? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు ఏ గొడవయు లేని నేడే తెలిసికొనుట మంచిది. కలతనాడు వానిని అడుగుటకు సమయము ఉండదు. సెల్‌ఫోనులో వచ్చిన భయంకర వార్తను మరియొకరికి పంపుటకు ముందు, ఆ పేటలో మనకు తెలిసినవారిని ఒక్కమాట అడుగుటకు మాత్రము వీలు ఉండవలెను.

ఠాణా దూరముగ ఉండవచ్చును. పోలీసుల సంఖ్య చాలకపోవచ్చును. తలారి తిరిగి రాడు, రానక్కరయు లేదు. కాని అతనికి ఊరంతయు తెలిసియుండెనన్న ఒక్క గుణము మాత్రము మనము పోగొట్టుకొనరానిది. ఆ ఎరుకను ఇకమీదట ఒక్క మనిషిపై మోపక పోలీసులు, పేటవారు పంచుకొనవలెను. భివండిలో కొన్ని సంవత్సరములపాటు అట్లు పంచుకొనిరి. పంచుకొనిన కాలమున మగ్గములు ఆగలేదు.